జాగ్రత్త: "ఘాట్ టెస్టెడ్" పేరుతో అమ్ముతున్న 50 ఎంఎం కార్బన్ వీల్‌సెట్

వైజాగ్, హైదరాబాద్ సైక్లింగ్ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి ఇవి అమ్మే మనిషెవరో చెప్పక్కర్లేదు. పేరు రాస్తే పోస్టు పీకేస్తారు కాబట్టి రాయను. పాత గ్రూప్‌సెట్లు (గేర్లు, బ్రేకుల సెట్లు), వీల్‌సెట్లు (చక్రాల జతలు) అమ్ముతుంటాడు, ప్రతి పోస్టు చివరా మంట బొమ్మలు మూడు పెడతాడు. ఆయన దగ్గర నేను తీసుకున్నవి 50 ఎంఎం లోతు రిమ్ముల కార్బన్ క్లించర్లు (లోపల ట్యూబు పెట్టి టైరు ఎక్కించేవి), రిమ్ బ్రేకువి, అంటే ప్యాడ్లు నేరుగా రిమ్మునే పట్టేవి, 38 వేలు. "హై టీజీ రెజిన్, అనంతగిరి ఘాట్ టెస్టెడ్, ప్యాడ్లు ఫ్రీ అన్నా!" అన్నాడు (టీజీ సంగతి కింద చెబుతాను). అరకు ఘాట్‌లో గాలికొండ నుంచి ఎస్.కోట వైపు దిగుతుంటే దముకు దాటాక ముందు ట్యూబు పేలింది. బ్రేక్ ట్రాక్ (రిమ్ము పక్కన ప్యాడ్లు రాసుకునే గోడ) ఒకచోట బొటనవేలంత మేర బయటికి ఉబ్బిపోయి ఉంది. దెబ్బలేం తగల్లేదు, అది వదిలేద్దాం. ఫోన్ చేస్తే ఆయనగారు సెలవిచ్చింది వినండి:

"ఘాట్‌లో అంతసేపు బ్రేకులు ఎవరు పట్టమన్నారు సర్? కార్బన్‌కి బ్రేకు తక్కువ వాడాలి. బేసిక్ కదా."

డబ్బులు వెళ్ళేదాకా "అన్నా", వెళ్ళాక "సర్". అది సరే. ఘాట్ కోసమని అమ్మిన రిమ్ముని ఘాట్‌లో బ్రేకు పట్టకుండా వాడాలట! హెయిర్‌పిన్‌లో అరకు బస్సు రోడ్డంతా ఆక్రమించుకుని ఎదురొస్తే మరి ఏం పట్టుకోవాలి, ఆంజనేయ దండకమా? పైగా "టెస్టెడ్ అన్నారు కదా, ఎక్కడ చేశారు?" అంటే అప్పుడు బయటపడింది: వికారాబాద్ అనంతగిరి. మన బొర్రా దారిలో ఉన్న అనంతగిరి కాదు! అక్కడ దిగుడు మొదలైందో లేదో అయిపోతుంది, రిమ్ము వేడెక్కే తీరికే ఉండదు. మిగతా టెస్టింగంతా హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు సైకిల్ ట్రాకు మీద. 23 కిలోమీటర్ల చదును దారిలో బ్రేకుకి పనేముంటుంది? పోస్టులో మాత్రం పక్కన అరకు లోయ ఫొటో. ఏ అనంతగిరో ముందే అడగొచ్చు కదా అని మీరు అనకముందే నేనే అనుకుంటున్నాను, అనుకుని ఏం లాభం.

"తప్పు రైడర్‌దే" అని ఆయన వంత పాడేవాళ్ళు కామెంట్లలో తయారవుతారు కాబట్టి లెక్క చెబుతాను. మనిషి, సైకిలు కలిపి 85 కిలోలు. 7 శాతం వాలులో గంటకి 25 కిలోమీటర్ల వేగం దాటకుండా దిగాలంటే భూమి లాగే శక్తి 400 వాట్లు. అందులో గాలి, టైర్ల రాపిడి కలిసి తినేది ఓ 100. మిగతా 300 వాట్లూ రెండు రిమ్ముల్లోకి వేడిగా పోవాల్సిందే. చిన్న ఇస్త్రీపెట్టె వేసే వేడిలో మూడో వంతు పైనే, అది కూడా ఆగకుండా. అల్యూమినియం రిమ్ము ఆ వేడిని రిమ్మంతా పంచుకుని గాలికి వదిలేస్తుంది. కార్బన్‌కి ఆ గుణం లేదు, వేడంతా బ్రేక్ ట్రాక్ మీదే నిలబడిపోతుంది. పోగుల్ని పట్టి ఉంచే రెజిన్ ఒక హద్దు దాటితే మెత్తబడుతుంది, ఆ హద్దు పేరే టీజీ. మామూలు ఎపాక్సీకి అది 120 డిగ్రీల చుట్టుపక్కలే. సరిగ్గా చేసిన రిమ్ బ్రేకు రిమ్ములకి 200 దాటిన రెజిన్ వాడతారు. లోపల టైరు గాలి హుక్కు అంచుల్ని (టైరుని పట్టి ఉంచే రిమ్ము అంచుల్ని) బయటికి నెడుతూనే ఉంటుంది, వేడికి ఆ గాలి పీడనం ఇంకా పెరుగుతుంది. మెత్తబడ్డ చోట గోడ ఉబ్బుతుంది, బీడు (టైరు గట్టి అంచు) జారుతుంది, ట్యూబు పేలుతుంది.

బ్రేకు పట్టే పద్ధతి ఒకటుంది, నిజమే. గట్టిగా పట్టి వదలాలి, మళ్ళీ పట్టాలి, ముందుదీ వెనకదీ మార్చుతూ ఉండాలి, మలుపుకి ముందే వేగం తగ్గించాలి. తేలిగ్గా నొక్కిపట్టి కిలోమీటర్ల కొద్దీ దిగకూడదు. ఆ పద్ధతి తెలియని వాళ్ళెవరూ గాలికొండ ఎక్కిరారు. పొగమంచులో, తడి రోడ్డు మీద ఆ పద్ధతి సగమే పనిచేస్తుంది, ఎందుకంటే తడిసిన కార్బన్ ట్రాక్‌ని ప్యాడు వెంటనే పట్టదు.

ఇక ఆ "ఫ్రీ" ప్యాడ్లు. హోల్డర్ నుంచి తీసి చూస్తే మామూలు నల్ల ప్యాడ్లు, అల్యూమినియం రిమ్ము కోసం చేసినవి. సూదితో గీరితే మెరుస్తున్న అల్యూమినియం రజను రాలింది. అంటే ఆయన పాత అల్లాయ్ చక్రాల మీద అరగదీసినవే మనకి దానం చేశాడు. కార్బన్ రిమ్ముకి వేరే మిశ్రమంతో చేసిన ప్యాడ్లు కావాలి. అల్లాయ్ ప్యాడు వేస్తే వేడి ఎక్కువ పుడుతుంది, అందులో ఇరుక్కున్న లోహపు ముక్క ట్రాక్‌ని గీరేస్తుంది. ఈ మాట అంటే జవాబు: "ఫ్రీగా ఇచ్చినవాటికి కూడా గ్యారంటీ అడుగుతారా?" తర్వాత బ్లాక్.

స్టిక్కర్ల సంగతి కూడా వినండి. పేరున్న కంపెనీ డికాల్ (స్టిక్కరు), దాని కింద ఏ గుర్తూ లేని నున్నటి రిమ్ము. కంపెనీ రిమ్ముకి సీరియల్ నంబరు ఉంటుంది, దీనికి వాల్వ్ రంధ్రం దగ్గర గానీ టేపు కింద గానీ ఏమీ లేదు. ఉన్నా, వారంటీ సాధారణంగా మొదట కొన్నవాళ్ళకే.

పాత కార్బన్ రిమ్ బ్రేకు చక్రాలు ఎవరి దగ్గర కొన్నా, టైరు ఎక్కించి 80 పీఎస్ఐ గాలి కొట్టాకే చూడండి. గాలి లేనప్పుడు ఉబ్బు దాక్కుంటుంది. వెర్నియర్‌తో బ్రేక్ ట్రాక్ వెడల్పు చుట్టూ ఎనిమిది చోట్ల కొలవండి, 0.3 ఎంఎం మించి తేడా వస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. చక్రం తిప్పి లివర్ మెల్లగా నొక్కితే ప్రతి చుట్టుకీ ఒకేచోట తన్నినట్టు తగలకూడదు. ట్రాక్ మీద గోధుమరంగు మచ్చ, లేదా ఒకచోట మాత్రమే అద్దంలా మెరుపు ఉంటే అది కాలినది. తర్వాత టైరు విప్పించండి (విప్పనంటే అక్కడే జవాబు దొరికినట్టు). హుక్కు అంచు వెంబడి దూది రుద్దితే పోగులు పట్టుకోకూడదు, రిమ్ టేపు స్పోక్ రంధ్రాల్లోకి కరిగి దిగి ఉండకూడదు. ప్యాడ్లు మాత్రం కొత్తవే కొనుక్కోండి. లేటెక్స్ ట్యూబు వీటిలో వద్దు. టీపీయూ (పల్చటి ప్లాస్టిక్) ట్యూబుల్లో కొన్నింటి మీద డిస్క్ బ్రేకుకే అని రాసి ఉంటుంది, చదివి కొనండి.

నన్నడిగితే పాడేరు, లంబసింగి, అరకు ఘాట్లకి రిమ్ బ్రేకుతో వెళ్ళేవాళ్ళు 30 ఎంఎం లోపు అల్లాయ్ రిమ్ములే వాడండి. అవి కూడా అరుగుతాయి, వానలో ఇసుక పడితే మరీ తొందరగా. ట్రాక్ మీద అరుగుదల గీత మాయమైనా, స్కేలు ఆనిస్తే మధ్యలో గుంట కనిపించినా మార్చేయడమే. డిస్క్ వాళ్ళు నవ్వకండి, మీ రోటర్ (బ్రేకు పళ్ళెం) మీద "రెజిన్ ప్యాడ్ ఓన్లీ" అని ఉందేమో, మందం 1.5 ఎంఎం దాకా అరిగిందేమో చూసుకోండి.

ఆయన ఈ పొద్దున ఇంకో జత పెట్టాడు, 34 వేలు. నీలం కర్టెన్ ముందు నిలబెట్టిన చక్రాలు, వెనక చక్రం డికాల్ ఒక మూల లేచి ఉంటుంది, పక్కన మళ్ళీ అదే అరకు లోయ. నేను కామెంట్ పెడితే రెండు నిమిషాల్లో తీసేశాడు. మీకు కనిపిస్తే ఆ పోస్టు కిందే అడగండి, ఏ అనంతగిరి అని.