ఎథిక్స్ గదికి నాలుగు స్టార్లు, నిధుల గదికి రెండు

నేను విశాఖపట్నంలోని ఒక విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ పాఠాలు చెబుతాను. సంస్థ పేరు రాయను, జీతం అక్కడినుంచే వస్తుంది. బిర్యానీలో ముక్క తక్కువైతే అరగంటలో సమీక్ష రాసేస్తాం. పరిశోధన చేసేవాళ్ల ఏడాది కాలాన్ని గుప్పిట్లో పెట్టుకునే ఆఫీసు గురించి మాత్రం క్యాంటీన్లో గొణుక్కుని ఊరుకుంటాం. ఆ లోటు తీర్చడానికే ఇది.

మా పరిశోధన విభాగం రెండో అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కగానే ఎడమవైపు, మనుషులతో చేసే పరిశోధన వాళ్లకు హాని చేయకుండా నీతిగా సాగుతుందో లేదో చూసి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ గది, కుడివైపు పరిశోధన గ్రాంట్ల వ్యవహారం చూసే నిధుల గది. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకే ఫ్లాస్కులోని టీ తాగుతారు గానీ, ఒకరి తేదీలు మరొకరికి తెలియవు. నా ఫిర్యాదుల్లో సగం ఆ గోడ మీదే.

ముందు నా పని చెప్పాలి. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల బుట్టలు మోసే, ఎండుచేపలు ఆరబెట్టే, తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మే ఆడవాళ్ల నడుంనొప్పి, మెడనొప్పి, వాటివల్ల పోయే సంపాదన గురించి అధ్యయనం. ఫిజియోథెరపీ విభాగంలోని సహోద్యోగి కొలతలు తీస్తారు, నేను ఇంటర్వ్యూలు చేస్తాను. 'సూది గుచ్చరు, మాత్ర మింగించరు, నాలుగు ప్రశ్నలకు అనుమతి ఎందుకు?' అని అడిగినవాళ్లు మా స్టాఫ్ రూములోనే ఉన్నారు. మనుషుల ఆరోగ్యం గురించి అడిగి రాసుకునే ప్రతి పనికీ భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలు వర్తిస్తాయి. ప్రమాదం బొత్తిగా లేని పనికి సమీక్షనుంచి మినహాయింపు దొరకవచ్చు, కొద్దిపాటి ప్రమాదమే ఉంటే త్వరిత సమీక్షతో సరిపోవచ్చు, లేదంటే పూర్తి కమిటీ ముందుకు వెళ్లాలి. ఈ మూడింటిలో మన పని ఏ గడిలో పడుతుందో తేల్చేది కమిటీయే, మనం కాదు. ఇంకో మాట, పని మొదలుపెట్టాక వెనకటి తేదీతో అనుమతి ఇవ్వరు. సర్వే పూర్తిచేసి, వ్యాసం వేయడానికి పరిశోధన పత్రిక అనుమతి పత్రం అడిగిందని పరుగెత్తుకొచ్చిన ఒక సీనియర్ ప్రొఫెసర్‌ను కూడా మా వాళ్లు వట్టి చేతులతోనే పంపారు. ఆ రోజే ఈ గది మీద నాకు గౌరవం మొదలైంది.

ఆ గదిలో మొదట ఎదురయ్యేది సభ్య కార్యదర్శికి సహాయంగా ఉండే ఉద్యోగిని. దరఖాస్తును మీ ఎదుటే తిరగేస్తారు. బడ్జెట్ పేజీ, పరిశోధకుల బయోడేటాలు, ఇంగ్లిష్ సమ్మతి పత్రం, తెలుగు సమ్మతి పత్రం, ప్రశ్నావళి, హార్బర్‌లో తిరగడానికి అక్కడివాళ్ల అంగీకారం. ఏది లేకపోయినా అప్పుడే చెబుతారు. మూడు వారాలు కూర్చోబెట్టి 'అసంపూర్ణం' అని ఒక్క ముక్క మెయిల్ పెట్టే ఆఫీసులు చూసినవాళ్లకు ఇది ఎంత సుఖమో అర్థమవుతుంది. ఒక్కటే బాధ: అన్నీ ఆన్‌లైన్లో ఎక్కించాక కూడా, సభ్యుల కోసం స్పైరల్ బైండింగ్ చేసిన ప్రతులు కావాలంటారు. మద్దిలపాలెంలోని జిరాక్స్ షాపుల ఆదాయంలో పరిశోధన నీతి వాటా ఎంతో ఎవరైనా లెక్క తీయాలి.

కమిటీ నిర్మాణం గురించి తెలియనివాళ్ల కోసం: 7 నుంచి 15 మంది సభ్యులు ఉంటారు. అధ్యక్షులు సంస్థ బయటివారై ఉండాలి, సభ్య కార్యదర్శి లోపలివారు. వైద్యులు, న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రం తెలిసినవారు, వీరితో పాటు ఏ శాస్త్రంతోనూ సంబంధం లేని సామాన్య సభ్యులు ఉండాలి. కనీసం 5 మంది లేకపోతే సమావేశం చెల్లదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాక, ఆరోగ్య పరిశోధనను సమీక్షించే కమిటీలు ఢిల్లీలోని ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర నమోదు కావాలి. మా కమిటీ నమోదు పత్రం తలుపు పక్కనే ఫ్రేము కట్టి ఉంది. మీ సంస్థలోనూ అది ఉందేమో ఒకసారి చూడండి.

నేను వెళ్లిన సమావేశంలో అసలైన ప్రశ్నలు డాక్టర్ల నుంచి రాలేదు. జాలారిపేట వైపు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ సామాన్య సభ్యురాలు. నా షెడ్యూలు చూసి, 'ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం కదమ్మా, అప్పుడు వీళ్లను ఎందుకు పిలుస్తున్నారు?' అన్నారు. తూర్పు తీరంలో జూన్ 14 దాకా, 61 రోజులు యాంత్రిక బోట్లు కడలిలోకి వెళ్లవు. ఆ రోజుల్లో ఆడవాళ్లు ఇళ్ల దగ్గర దొరుకుతారు, తీరిగ్గా మాట్లాడతారు అని మా ఆలోచన. ఆవిడ లెక్క వేరు. పోయిన పూట కూలికి బదులుగా మేము ఇవ్వదలచిన మూడు వందల రూపాయలు, బుట్ట నిండా చేపలున్న రోజుల్లో ఒక మర్యాద. నిషేధం రోజుల్లో అదే డబ్బు ఇంట్లో బియ్యం. అప్పుడు ఎవరైనా 'వద్దు' అనగలరా? పైగా బరువు మోయని రెండు నెలల్లో నడుము కొలిస్తే ఏం తెలుస్తుంది?

దారిఖర్చు, పోయిన కూలి ఇవ్వవచ్చని, అది ఒత్తిడిగానో ప్రలోభంగానో మారకూడదని మార్గదర్శకాల్లో ఉంది. నాకు ఆ వాక్యం కంఠతా వచ్చు. నిషేధం తేదీలూ వచ్చు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది ఆవిడ. ఆ దెబ్బకు మా షెడ్యూలు మొత్తం వర్షాకాలంలోకి జరిగింది, ఇంటర్వ్యూలు కూడా తెల్లవారుజాము వేలం, అమ్మకాలు ముగిశాక మధ్యాహ్నానికి మారాయి. నాలుగు స్టార్లలో రెండు ఆవిడవే.

ఇంకో ప్రశ్న 2023 నవంబరు అగ్నిప్రమాదం గురించి. హార్బర్‌లో అర్ధరాత్రి మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయిన సంగతి ఊరంతటికీ గుర్తే. ఇంటి ఆదాయం గురించి అడిగితే ఆ మాట రాకుండా ఉండదు. అప్పుడు మనిషి ఏడిస్తే మీరు ఏం చేస్తారని ఒక మానసిక వైద్యుడు అడిగారు. ఇంటర్వ్యూ ఆపడం, మళ్లీ కొనసాగించాలో వద్దో ఆమెకే వదిలేయడం, ఎవరి దగ్గరకు పంపాలో ముందే మాట్లాడి ఉంచుకోవడం, ఇవన్నీ రాతలో పెట్టమన్నారు. పెట్టాం.

అన్నిటికీ తల ఊపి వచ్చానని అనుకోకండి. ఒక సభ్యుడు భర్త సంతకం కూడా తీసుకుంటే గొడవ ఉండదని సలహా ఇచ్చారు. బోటు యజమానుల సంఘం లేఖ ఉంటే ఇంకా మంచిదన్నారు. తెల్లవారకముందే లేచి వేలంలో పాటపాడి సరుకు కొని, కొసరు అడిగినవాణ్ని నోటితోనే తరిమేసే మనిషి తన నడుంనొప్పి గురించి చెప్పడానికి మొగుడి సంతకం దేనికని అడిగాను, కాస్త గట్టిగానే. అధ్యక్షులు నా పక్షాన నిలిచారు. హార్బర్‌లోకి రానివ్వడానికి సంఘం ఒప్పుకోలు కావాలి, గిరిజన గ్రామాల్లో అయితే పెద్దల అనుమతి కూడా కావాలి, అయితే ఏదీ ఆ మనిషి సమ్మతికి బదులు కాదు అన్నారు. ఆపైన ఖమ్మం పేరెత్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో ఖమ్మం జిల్లా ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు, చాలామంది పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఘాటైన నివేదిక ఇచ్చింది. టీకా వేసుకున్న పిల్లల్లో నమోదైన మరణాలకు టీకాయే కారణమని తేలలేదు. సమ్మతి తీసుకున్న తీరు మాత్రం తప్పని తేలింది. పాడేరు ఆశ్రమ పాఠశాలల్లో పనిచేయబోతున్న మా జూనియర్ ఒకరు ఆ రోజు పక్క కుర్చీలో ఉన్నారు. పన్నెండేళ్లు దాటిన పిల్లల నుంచి వాళ్ల రాతపూర్వక అంగీకారం, తల్లిదండ్రుల సమ్మతి విడిగా తీసుకోవాలని, వార్డెన్ సంతకంతో సరిపెట్టుకుంటే దరఖాస్తు గడప దాటదని ఆమెకు ఎవరూ వేరుగా చెప్పనక్కరలేకపోయింది.

చదవడం రానివాళ్లకు పత్రం చదివి వినిపించాలి, మా జట్టుతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండి సంతకం చేయాలి. దీనికోసం సాక్షిగా కూర్చునేవాళ్లకు కూడా పూట డబ్బులు ఇవ్వవలసి వస్తుంది. ఆ ఖర్చు బడ్జెట్‌లో రాసుకోండి. నిధుల గదిలో ఎవరూ గుర్తుచేయరు.

అలా గోడకు ఇవతలి వైపు వచ్చాం.

నిధుల గదికి రెండు స్టార్లు ఎందుకంటే, అక్కడున్న అకౌంట్స్ మనిషి నిజంగా పనిమంతుడు. ఆయన సంగతి తర్వాత. గది చేసే ముఖ్యమైన పని ప్రకటనలను మెయిల్లో తోసెయ్యడం. సముద్ర జీవశాస్త్రం, సంస్కృత వ్యాకరణం, సెమీకండక్టర్లు, సోషల్ వర్క్ అందరికీ అదే మెయిల్, అదే 'తక్షణ చర్య కోసం' అనే శీర్షిక. వల వేసి పట్టిన సరుకంతా ఏరకుండా ఒకే గంపలో పోసి ఇచ్చినట్టు ఉంటుంది. మన రొయ్య మనమే వెతుక్కోవాలి. పాత సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధన మండలిని కలుపుకుని అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చింది. చట్టం 2023లో చేశారు, 2024 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. 2023 నుంచి 2028 వరకు 50,000 కోట్ల రూపాయలు అంచనా, అందులో పెద్ద భాగం ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. ఇది మా నోటీసు బోర్డు దాకా ఇంకా రాలేదు. అక్కడ పాత మండలి పేరు, పాత పథకాలే వేలాడుతున్నాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకులకు ఆ ఫౌండేషన్‌లో విడిగా ఒక ప్రధానమంత్రి గ్రాంటు ఉందని మా కెమిస్ట్రీ కుర్రాడికి చెప్పింది హైదరాబాద్‌లోని అతని స్నేహితుడు, ఈ గది కాదు.

నాలాంటివాళ్లకు ప్రధానమైన తలుపు భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి. ఆరోగ్యం కలిసినప్పుడు వైద్య పరిశోధన మండలి. సంస్థ అధిపతి సంతకంతో ఫార్వర్డింగ్ లేఖ లేకపోతే దరఖాస్తు కదలదు, ఆ లేఖ కోసం ఫైలు బల్ల మార్చుకుంటూ తిరుగుతుంది. చివరి తేదీ సాయంత్రం ఆ వరండా చూస్తే సింహాచలం చందనోత్సవం క్యూ గుర్తొస్తుంది, అక్కడైనా మజ్జిగ ఇస్తారు.

గోడ వల్ల వచ్చే అసలు తిప్పలు ఇవి. ఎథిక్స్ దరఖాస్తులో 'నిధులు ఎవరివి?' అనే గడి ఉంది. నిధుల దరఖాస్తులో 'ఎథిక్స్ అనుమతి పత్రం జతచేయండి' అని ఉంది. కుడి గది 'అది తెస్తేనే లేఖ' అంటుంది. నిజానికి చాలా సంస్థలు దరఖాస్తు నాటికి కాకపోయినా డబ్బు విడుదల నాటికి అనుమతి ఉంటే ఒప్పుకుంటాయి, ప్రకటనలోనే రాస్తాయి. ఆ పేజీ తెరిచి వేలుతో చూపించవలసి వచ్చింది. చూపించాక వెంటనే లేఖ ఇచ్చారు, అది వేరే విషయం. కమిటీ కూర్చునేది నెలకు ఒకసారి. ఆ తేదీని నిధుల ప్రకటన మెయిల్లో ఒక్క వరుసలో రాస్తే ఈ రభస ఉండదు. ఈ మాట సలహాల పుస్తకంలో రాశాను. పుస్తకంలో నాకు ముందు రాసినవారి సలహా కూడా అదే.

విదేశీ భాగస్వాములు ఉన్నవాళ్లు ఇంకా ముందు మేలుకోవాలి. వాళ్ల విశ్వవిద్యాలయం ఇచ్చిన అనుమతి ఇక్కడ చెల్లదు, మన కమిటీ అనుమతి వేరుగా కావాలి. ఆరోగ్య రంగంలో అయితే కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలన సంఘం కూడా చూస్తుంది. డబ్బు బయటినుంచి వస్తే విదేశీ విరాళాల చట్టం ఉండనే ఉంది. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఇమ్మంటే కుడి గదిలో ఇచ్చినవారు లేరు. ఎడమ గది ఉద్యోగిని తన పని కాకపోయినా రాసిచ్చారు.

ఇప్పుడు అకౌంట్స్ ఆయన. గ్రాంటు వచ్చాక అసలు చదువు మొదలవుతుంది. ఖర్చు మార్చి 31కి లెక్క తేలాలి, డబ్బు ఇచ్చిన పనికే ఖర్చైందని చెప్పే వినియోగ ధ్రువపత్రం 2017 సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం 12-ఏ నమూనాలో వెళ్లాలి, లేకపోతే తర్వాతి విడత రాదు. ఒక పద్దు డబ్బు మరో పద్దులో వాడితే ప్రశ్న. ప్రయాణానికి ఆటో ఖర్చుకు రసీదు ఎక్కడినుంచి తేవాలి? ఆయన ప్రతి ప్రాజెక్టుకూ ఒక నోటు పుస్తకం తెరిపిస్తారు. తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత, ఎవరి సంతకం. నేను చేపలమ్మే ఆడవాళ్లకు ఇచ్చే డబ్బుకు పేర్లతో రసీదులు అడుగుతారేమో, అప్పుడు గోప్యత ఏమవుతుందని భయపడ్డాను. ఆయన తానే 'పేరు వద్దు మేడమ్, కోడ్ నంబరు, వేలిముద్ర ఉన్న రిజిస్టరు మీ బీరువాలో పెట్టుకోండి, మొత్తం మాత్రం నాకు ఇవ్వండి, ఆడిటర్‌కు ఎథిక్స్ అనుమతి పత్రంలోని షరతు చూపిస్తాను' అన్నారు. గోడకు రెండు వైపులా ఏముందో చదివిన మనిషి ఆ గదిలో ఆయనొక్కరే. వచ్చే ఏడాది రిటైరవుతున్నారట.

కొత్తవాళ్లు వెళ్లేటప్పుడు: ముందు ఎడమ గదిలో ఆ నెల సమావేశం తేదీ కనుక్కోండి, దానికి వెనక్కి లెక్కేసుకుని కాగితాలు తయారుచేసుకోండి. తెలుగు సమ్మతి పత్రాన్ని టైపు చేయించే ముందు, మీరు ఎవరి దగ్గరకు వెళ్తున్నారో అలాంటి ఒకరికి చదివి వినిపించండి. మధ్యాహ్నం భోజనం తర్వాత వెళ్తే ఉద్యోగిని తీరిగ్గా చూస్తారు. కుడి గదికి ప్రకటన మొత్తం ప్రింటు తీసుకుని, సంబంధిత వాక్యం కింద గీత గీసి పట్టుకెళ్లండి. అకౌంట్స్ ఆయన శుక్రవారాలు ఉండరు.