రేణిగుంటలో దిగాలా, తిరుపతి దాకా పోవాలా?

ఇల్లు తిరుపతిలో, ఉద్యోగం హైదరాబాదులో. పన్నెండేళ్లుగా నెలకోసారైనా ఈ దారిలో తిరుగుతున్నాను. ఎక్కేది తిరుపతి మెయిన్ స్టేషన్‌లోనే. దిగేది మాత్రం చాలాసార్లు దానికి ముందొచ్చే రేణిగుంటలో.

హైదరాబాదు వైపు పోయే నారాయణాద్రి, పద్మావతి ఎక్స్‌ప్రెస్‌లు రెండూ తిరుపతిలోనే బయల్దేరతాయి. బండి ముందే ప్లాట్‌ఫారం మీద ఉంటుంది కాబట్టి సామాను సీటు కిందికి తోసి నిమ్మళంగా కూర్చోవచ్చు. రేణిగుంటలో ఆగేది కొద్ది నిమిషాలే. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మతో అక్కడ బోగీ వెతుక్కుంటూ పరిగెత్తడం అయ్యే పని కాదు.

తిరకాసంతా వచ్చేటప్పుడే. రేణిగుంట నుంచి తిరుపతికి పట్టుమని పది కిలోమీటర్లు. కానీ ప్లాట్‌ఫారం ఖాళీ లేకపోతే బండి మధ్యలో నిలబడిపోతుంది. ఒక సంక్రాంతికి నలభై నిమిషాలు అలాగే ఉన్నాం. ఇంకా తెల్లవారలేదు. ఘాట్ రోడ్డు లైట్లు కనబడగానే బోగీ అంతా ‘గోవిందా’ అంది. అరగంట గడిచాక అదే గోవింద టైము గురించి అన్నట్టు వినిపించింది. తలుపు దగ్గర, గుండు కొట్టించడానికి తెస్తున్న పిల్లోడు సూట్‌కేసు మీదే మళ్లీ నిద్రపోయాడు. అప్పటినుంచి చేతిలో ఒక్క బ్యాగే ఉంటే రేణిగుంటలో దిగి బస్సెక్కేస్తున్నాను. ఆటోవాళ్లు మాత్రం చీకట్లో నోటికొచ్చిన రేటు చెబుతారు, బేరమాడాల్సిందే.

దిగడానికి ఎవరినీ అడగక్కర్లేదు. తిరుపతి టికెట్టు పెట్టుకుని రేణిగుంటలో ఎక్కాలంటే మాత్రం ముందే బోర్డింగ్ పాయింట్ (ఎక్కే స్టేషన్) మార్చుకోవాలి. లేదంటే మీరు రాలేదనుకుని బెర్తు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. నాకు ఒకసారి అయింది, గూడూరు దాకా నిలబడే వెళ్లాను.

మొదటిసారి దర్శనానికి వచ్చేవాళ్లు ఆలస్యమైనా తిరుపతి దాకా రండి. స్టేషన్ ఎదురుగానే టీటీడీ వసతి గృహం విష్ణునివాసం ఉంది, గోవిందరాజస్వామి గుడికి నడిచే పోవచ్చు. ముంబై నుంచి కడప మీదుగా చెన్నై పోయే బళ్లు చాలావరకు ఇటు తిరగవు, వాటికి రేణిగుంటే గతి.

మధ్యలో తిరుచానూరు స్టేషన్ కూడా ఉంది. రద్దీ తగ్గించాలని కొన్ని స్పెషల్ రైళ్లను అక్కడినుంచే నడుపుతున్నారు. మా పక్కింటాయన టికెట్టు మీద ఆ పేరు చూసుకోకుండా మెయిన్ స్టేషన్‌కి పోయి, బోర్డు మీద తన బండి కోసం పావుగంట వెతికాడు. చివరికి ఆటోలో తిరుచానూరికి పరిగెత్తి, కదులుతున్న బండిలో చిట్టచివరి బోగీ పట్టుకున్నాడు.