ఇంట్లో హోలోగ్రామ్ కిట్: ఒంగోలులో పనిచేయించాలంటే

షాపుల ముందు గిర్రున తిరుగుతూ బొమ్మలు చూపించే ఎల్‌ఈడీ ఫ్యాను హోలోగ్రామ్ కాదు, అది కంటి భ్రమ. ఈ కిట్ అసలైన హోలోగ్రామ్‌కి, అంటే లేజరు కాంతితో ప్లేటులో లోతుతో సహా పట్టే వస్తువు బొమ్మకి, కావాల్సిన సరుకు: 5 మిల్లీవాట్ల ఎర్ర డయోడ్ లేజరు, 2×3 అంగుళాల ఫోటోపాలిమర్ (కాంతికి మారే ప్లాస్టిక్ పూత) ప్లేట్లు, స్టాండు, చీకట్లో దారి చూసుకోవడానికి నీలం దీపం. రసాయనాలతో కడిగే పని లేదు. పద్ధతి సోవియట్ శాస్త్రవేత్త యూరి డెనిస్యుక్ 1962లో ప్రకటించినదే. లేజరు కాంతి ప్లేటు దాటి వస్తువు మీద పడి, వెనక్కి తిరిగొచ్చి ప్లేటులోనే ఎదురు కాంతిని కలుస్తుంది. అక్కడ పడే వెలుగు చీకట్ల గీతలే బొమ్మని దాస్తాయి, వాటి మధ్య ఎడం 200 నానోమీటర్ల పైచిలుకు. ఎక్స్‌పోజరు జరిగే 10, 12 నిమిషాల్లో వస్తువు అందులో సగం జరిగినా బొమ్మ గల్లంతే.

కిట్ కాగితం మాత్రం ‘గట్టి బల్ల చాలు’ అంటుంది. హైవే, రైలు పట్టాలు రెండూ ఉన్న ఊళ్లో చాలదు. మేడ మీద గది అసలు వద్దు. కింది అంతస్తులో నేల మీద సగం గాలి కొట్టిన స్కూటర్ ట్యూబు, దాని మీద గ్రానైటు పలక వేయాలి. చీమకుర్తి పక్కనే ఉండగా పలకకి కొదవేముంది? 2 అడుగులు × 1 అడుగు, 20 మిల్లీమీటర్ల మందం ముక్క సుమారు 10 కిలోలు తూగుతుంది, సరిపోతుంది. ట్యూబు నిండా గాలి కొడితే అదురు నేరుగా పైకొస్తుంది.

ఫ్యాను, ఏసీ, కూలరు అన్నీ ఆపాలి. కదిలే వేడి గాలి కూడా కాంతి దారిని మారుస్తుంది. అందుకే మే నెలలో ప్లేట్లు తగలేయొద్దు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజాము మేలు. లేజరుకి అడాప్టరు బదులు కొత్త బ్యాటరీలు వేసి, 10 నిమిషాలు వెలిగించి ఉంచాలి. డయోడ్ వేడి నిలకడగా లేకపోతే రంగు అటూ ఇటూ గెంతి, వస్తువు మీద నల్ల చారలు పడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన ప్లేట్ల పెట్టె గది వేడికి వచ్చేదాకా విప్పొద్దు, చెమ్మ పడుతుంది.

వస్తువు ఎంపికే సగం పని. ఒంగోలు గిత్త ఇత్తడి బొమ్మ బాగా వస్తుంది, మరీ తళతళలాడితే తెల్ల మ్యాట్ స్ప్రే పలచగా కొట్టాలి. కొత్తపట్నం గవ్వలు ఇంకా సులువు. ఉదయగిరి చెక్క గరిటె ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు, చెక్క చెమ్మకి ఉబ్బి కదులుతుంది. పువ్వులు, గుడ్డ, కాగితం సంగతి చెప్పనక్కర్లేదు. వస్తువుని ఫెవిక్విక్‌తో పలకకి అంటించి ఒక రోజు ఆరనివ్వాలి. గ్లూ గన్ జిగురు మెల్లగా సాగుతుంది.

లేజరు నుంచి ప్లేటుకి 30 సెంటీమీటర్లు, ప్లేటు వెనక వస్తువు వీలైనంత దగ్గరగా. కాంతికి అట్ట అడ్డం పెట్టి, ప్లేటు అమర్చి, 5 నిమిషాలు ఎవరూ మెదలకుండా ఆగి, పలకకి తగలకుండా అట్ట తీయాలి. 10, 12 నిమిషాల ఎక్స్‌పోజరు అయ్యాక తెల్ల వెలుతురులో కాసేపు ఉంచితే బొమ్మ స్థిరపడుతుంది. లేజరు వైపు కన్ను పెట్టకూడదు.

ట్యూబ్‌లైటు కింద చూసి పాడైందని పారేయకండి. ఎండలోగానీ ఫోను టార్చి కిందగానీ వాలుగా తిప్పి చూడాలి. అప్పటికీ ఖాళీగా ఉంటే ఏదో కదిలినట్టే. ఒక్క భాగమే నల్లగా ఉంటే ఆ భాగం కదిలింది.

మనిషి ముఖం ఈ కిట్‌తో రాదు. అమెరికన్ కళాకారుడు బ్రూస్ నౌమన్ 1968లో తన ముఖాన్ని వంకర్లు తిప్పి హోలోగ్రామ్‌లు చేయించుకున్నది పల్స్ లేజరుతో. క్షణంలో అత్యల్ప భాగం మెరిసే ఆ కాంతికి కదలిక లెక్కలోకి రాదు.

కళాశాల ప్రయోగశాలకీ, చిత్రకళ విద్యార్థులకీ కొనొచ్చు. గోడకి పెద్ద పని కావాలనుకునేవాళ్లకి ఈ సైజు నిరాశే. ప్లేట్లు ఒకసారికే పనికొస్తాయి కాబట్టి అదనపు పెట్టె కిట్‌తోపాటే తెప్పించుకోండి. ఫ్రేము కట్టేముందు ప్లేటు వెనక నల్ల కాగితం అంటిస్తే బొమ్మ రెట్టింపు స్పష్టంగా ఉంటుంది.