కూటికి రాయడమా, ఇష్టానికి రాయడమా: ఏది మేలు?

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. హిందీ నుంచి తెలుగులోకి డబ్బింగ్ చేసిన ‘ఆహుతి’ సినిమా వచ్చిందీ అదే ఏడాది. దానికి మాటలు, పాటలు రాసిందీ ఆయనే. పుస్తకంలోని కవితలు చాలామటుకు 1930లలో రాసినవి, అచ్చు కోసం ఏళ్లు ఆగాయి. సినిమా రాతకి ఆ వెసులుబాటు ఎక్కడిది?

డబ్బింగ్ అంటే చిన్నచూపు చూసేవాళ్లు ఒక్క సీను రాసి చూడాలి. తెరమీద పెదాలు కలిసినచోట ప, బ, మ లాంటి అక్షరమే పడాలి. నటుడు నోరు తెరిచి ఆపితే మన మాట ‘ము’తో ఆగకూడదు. ఇంత చేసీ అది తెలుగులాగే వినపడాలి. ‘ప్రేమ’ సరిపోతే ‘ఇష్టం’ సరిపోదు, ‘ఇష్టం’ సరిపోతే అర్థం కాస్త పక్కకి జరుగుతుంది. ఈ కసరత్తు చేసినవాడికి మాట పొడవెంతో, బరువెంతో ఇట్టే తెలుస్తుంది. ఇష్టానికి రాసుకునేవాడిని ఇలా ఎవరూ కూర్చోబెట్టరు. ముద్దొచ్చిన వాక్యాన్ని ముద్దొచ్చింది కాబట్టే ఉంచేస్తాడు. పైగా రేపు రాద్దాంలే అనుకుంటాడు (సగం నవలలు అక్కడే ఆగిపోతాయి).

అయితే కూటి రాతలో చివరి మాట మనది కాదు. ట్యూన్‌కి రాసిన పల్లవుల్లో బాగున్నది పక్కకి పోయి, నిర్మాతకి నచ్చినది రికార్డవుతుంది. డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియని టెన్షన్ వేరే. ఇక పత్రికలకి కథలు రాసి ఇల్లు నడపడమంటారా, అది అయ్యే పని కాదు.

కాళీపట్నం రామారావు విశాఖలో లెక్కల మాస్టారు. బియ్యం సంగతి బడి జీతం చూసుకుంది కాబట్టి, మధ్యలో కొన్నేళ్లు కథ రాయకుండా ఉండగలిగారు. తిరిగి రాసినప్పుడు ‘యజ్ఞం’ రాశారు. సీరియల్ రాసి బతికేవాడు అలా ఆగితే వచ్చేవారం పత్రికలో ఇంకొకరి పేరుంటుంది. రావిశాస్త్రికైతే ప్లీడరీ తిండితోపాటు కథల్లోకి మనుషుల్నీ ఇచ్చింది.

అందుకే నా ఓటు వేరే ఉద్యోగం చేసుకుంటూ ఇష్టానికి రాసుకోవడానికే. ఉన్న ఉద్యోగం మానేసి రచయితనవుతానంటే ఇంట్లోవాళ్ల మాట వినడమే మంచిది. ఓటీటీ డబ్బింగ్ పని దొరికితే మాత్రం ఒకటి రెండు చేయండి, చెయ్యి తిరుగుతుంది. ఎంతిస్తారో, ఎప్పుడిస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి.