"అన్ని సర్టిఫికెట్లూ మేమే చేయిస్తాం" అనే ప్యాకేజీ కొనకముందు: శ్రీకాకుళం, విజయనగరం చిన్న వ్యాపారులకు హెచ్చరిక

పలాసలో జీడిపప్పు ప్యాకింగ్ పెడదామన్నా, రాజాంలో పచ్చళ్ల తయారీ మొదలెడదామన్నా, విజయనగరంలో చిన్న టైలరింగ్ షాపు తెరుద్దామన్నా ముందుగా ఎదురొచ్చేది ఏజెంట్లు అమ్మే రిజిస్ట్రేషన్ల ప్యాకేజీయే. ఆరేడు కాగితాలు, అన్నింటికీ కలిపి ఒకే రేటు, వారంలో చేతికి. అడ్వాన్సు కట్టకముందు దయచేసి ఇది చదవండి. ఇందులో పోయే డబ్బు ఒక ఎత్తు, తర్వాత మెడకు చుట్టుకునేది ఇంకో ఎత్తు.

ముందు డబ్బు సంగతి. ఉద్యం (చిన్న, మధ్యతరహా వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే గుర్తింపు) రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం రూపాయి కూడా తీసుకోదు. 2020 జూలై 1న మొదలైన ఈ పద్ధతిలో ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు కొడితే చాలు, ఏ కాగితమూ అప్‌లోడ్ చేయనక్కర్లేదు. దానికి గడువు లేదు, రెన్యువల్ లేదు. "మీ ఉద్యం ఎక్స్‌పైర్ అయింది, ఫీజు కట్టండి" అని ఎవరు ఫోన్ చేసినా అది మోసమే. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కూ ఫీజు లేదు. తినుబండారాలు చిన్న స్థాయిలో చేసేవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ) బేసిక్ రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలు. ఒక్కరే యజమానిగా ఉండే వ్యాపారానికి "ప్రొప్రైటర్‌షిప్ సర్టిఫికెట్" అంటూ విడిగా ఇచ్చే ఆఫీసే లేదు; మీ పానే మీ వ్యాపారం పాన్. ఫారం నింపిపెట్టినందుకు కూలి తీసుకోవడం తప్పు కాదు. ఆ కూలిని "గవర్నమెంటు ఫీజు" అని బిల్లులో రాస్తే మాత్రం అది మోసం. ఫీజు అంటే చలానా ఉండాలి, అడగండి.

గూగుల్‌లో వెతికితే పైన కనిపించే వాటిలో కొన్ని మూడు సింహాల బొమ్మ పెట్టుకున్న ప్రైవేటు సైట్లే. చిరునామా చివర "గవ్ డాట్ ఇన్" లేకపోతే అక్కడ ఆధార్ నంబరు కొట్టకండి.

ఇక అసలు ప్రమాదం. జీఎస్టీ దరఖాస్తు మొదటి పేజీలోనే మొబైల్ నంబరు, ఈమెయిల్ గడులు ఉంటాయి. "మీకు పదేపదే ఓటీపీలు వస్తే ఇబ్బంది కదా" అంటూ ఏజెంటు అక్కడ తన నంబరు వేసేస్తాడు. ఆ క్షణం నుంచి యూజర్ నేమ్, పాస్‌వర్డ్, నోటీసులు అన్నీ అతని ఫోన్‌కే పోతాయి. సరుకు కదలకుండానే మీ జీఎస్టీ నంబరు మీద బిల్లులు కొట్టి ఇంకెవరికో ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీద కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకునే వీలు) ఇచ్చేసినా మీకు తెలియదు. నోటీసు చేరేది అతనికే అయినా, అందులో ఉండే పేరు మాత్రం పాన్ ఎవరిదో వాళ్లదే. మామూలు పనిలో కూడా ఇదే తంటా. తాతగారి పేరున ఉన్న కరెంటు బిల్లు పెట్టి, ఇంటి యజమాని సమ్మతి పత్రం జత చేయకపోతే ఆఫీసరు వివరణ అడుగుతూ నోటీసు ఇస్తారు. జవాబుకు 7 పనిదినాలే. ఆ నోటీసు మీ దాకా రాదు, దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది, ఏజెంటు మళ్లీ మొదటి నుంచి డబ్బులడుగుతాడు.

కాబట్టి ఎవరు నింపినా సరే, మొబైల్, ఈమెయిల్ మీవే ఉండాలి. ఓటీపీ ఫోన్లో చదివి చెప్పకండి. పక్కన కూర్చుని, అది దేనికొచ్చిందో మెసేజ్‌లో చూసి, మీ చేత్తోనే కొట్టండి.

అసలు మీకు జీఎస్టీ కావాలా? ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితేనే సాధారణంగా తప్పనిసరి. సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే మాత్రం ఈ పరిమితి వర్తించదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా కాబట్టి బరంపురం షాపులకు వేసేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి. "జీఎస్టీ లేకపోతే కరెంట్ అకౌంట్ రాదు" అనేది ప్యాకేజీ అమ్ముకోవడానికి చెప్పే మాట. సొంత వ్యాపారానికి బ్యాంకు అడిగేది వ్యాపారం పేరున రెండు ఆధారాలు. ఉద్యంతో పాటు మున్సిపల్ ట్రేడ్ లైసెన్సో, కార్మిక శాఖ దగ్గర షాపుల చట్టం కింద చేసుకున్న రిజిస్ట్రేషనో చూపించవచ్చు. అవసరం లేని జీఎస్టీ తీసుకుంటే అమ్మకం సున్నా అయినా రిటర్ను (పన్ను లెక్కల పత్రం) వేయాలి. నిల్ 3బీ (అమ్మకం లేదని చూపే రిటర్ను) ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, ఒక్కో రిటర్నుకు 500 వరకు. నెలనెలా వేయాల్సినవాళ్లు ఆరు నెలలు పట్టించుకోకపోతే 3,000 దాకా పడుతుంది, రిజిస్ట్రేషన్ రద్దు నోటీసూ వస్తుంది.

ఉద్యంలో ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. పచ్చళ్లు పెట్టేవాళ్లనూ, జీడిపప్పు తీసేవాళ్లనూ తయారీ కింద కాకుండా ట్రేడింగ్ కింద వేసేస్తారు. ట్రేడర్లకు ఉద్యం వల్ల దక్కేది ప్రాధాన్య రంగ రుణాల (బ్యాంకులు ముందుగా ఇవ్వాల్సిన రంగాల అప్పులు) వరకే. తయారీదారులకు వచ్చే మిగతా ప్రయోజనాలు పోతాయి. సర్టిఫికెట్‌లో "మేజర్ యాక్టివిటీ" దగ్గర ఏముందో వేలు పెట్టి చదవండి. జిల్లా పేరూ చూడండి. 2022 ఏప్రిల్ 4న రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత ఆధార్ చూసి శ్రీకాకుళం అని కొట్టేస్తే, జిల్లా పరిశ్రమల కేంద్రం దగ్గరకెళ్లినప్పుడు మీ యూనిట్ ఏ జిల్లాదో తేల్చుకోవడానికే తిరగాలి.

ట్రేడ్‌మార్క్ పేరుతో చేతికిచ్చేది చాలాసార్లు దరఖాస్తు రసీదే. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ ఫీజు ఒక్కో క్లాసుకు (సరుకు లేదా సేవ రకానికి) 4,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ పూర్తయ్యేదాకా టీఎం గుర్తు వాడుకోవచ్చు గానీ, సున్నాలో ఆర్ గుర్తు వేస్తే నేరం. లేబుళ్లు వేలల్లో అచ్చు వేయించకముందే ఇది చూసుకోండి. ప్యాకెట్ మీద వేసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు 14 అంకెలు. రిజిస్ట్రేషన్ అయితే 2తో, లైసెన్సు అయితే 1తో మొదలవుతుంది.

ఇప్పటికే ప్యాకేజీ కొనేశారా? ఈరోజే జీఎస్టీ పోర్టల్‌లో "సెర్చ్ బై పాన్"లో మీ పాన్ కొట్టండి. మీ పేరున ఎన్ని జీఎస్టీ నంబర్లున్నాయో, ఏవి నడుస్తున్నాయో లాగిన్ లేకుండానే కనిపిస్తుంది. మన రాష్ట్రం నంబరు 37తో మొదలవుతుంది, తర్వాతి పది అక్షరాలు, అంకెలూ అచ్చంగా మీ పాన్. మీరు తీసుకోని నంబరు కనిపిస్తే పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. లాగిన్ ఏజెంటు చేతిలో ఉంటే అతన్ని బతిమాలుతూ కూర్చోకండి. నంబరు వివరాల్లోనే మీ ప్రాంతాన్ని చూసే జీఎస్టీ ఆఫీసు ఏదో ఉంటుంది. పాన్, ఆధార్, వ్యాపార చిరునామా రుజువు, ఒక అర్జీ పట్టుకుని అక్కడికి వెళితే, పరిశీలించి మీ ఫోన్, ఈమెయిల్ ఎక్కిస్తారు. తాత్కాలిక పాస్‌వర్డ్ మీ మెయిల్‌కే వస్తుంది. నకిలీ సైటుకు డబ్బు కట్టినవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది, కాబట్టి యూపీఐ లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకునే ఫోన్ కలపండి.