చిన్న పిల్లల సంగీతం క్లాసుకు ఏది మేలు: ట్యాబ్‌లో యాప్‌లా, చేతిలో వాద్యాలా?

ఈ చర్చ మొదలైతే చాలు, మాట నేరుగా యాప్‌ల పేర్ల మీదికి పోతుంది. నేనైతే ముందు ఆ పీరియడ్‌లో పిల్లలకు ఏం రావాలో చూస్తాను. అందరూ కలిసి తాళం తప్పకుండా వాయించడం నేర్పాలంటే ట్యాబ్ దండగ. ఒక్కొక్కరి చేత సొంతంగా చిన్న వరస కట్టించాలంటే మాత్రం ట్యాబే మేలు.

ముందు తాళం సంగతి. డ్రమ్ము మీద చెయ్యి పడగానే మోత వస్తుంది. ఎంత గట్టిగా కొడితే అంత మోత. ట్యాబ్ మీద వేలు పడ్డాక యాప్ దాన్ని గుర్తించి, శబ్దం తయారుచేసి, స్పీకర్‌కు పంపాలి. మంచి ట్యాబ్‌లో ఈ ఆలస్యం తెలియదు, పాతదాంట్లో తెలుస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెడితే మంచి ట్యాబ్‌లోనూ తెలుస్తుంది. పెద్దవాళ్లు ఎలాగో సర్దుకుంటారు. ఒకటో తరగతి పిల్లలు తమ దెబ్బ చెవిన పడేదాకా ఆగి కొడతారు, దాంతో క్లాసంతా మెల్లమెల్లగా నెమ్మదిస్తుంది. ఇక ఇరవై ట్యాబ్‌ల చిన్న స్పీకర్లు ఒక్కసారి మోగితే ఎవరి చప్పుడు ఎవరిదో టీచరుకే తెలియదు.

స్వరాల దగ్గరికి వస్తే పోటీ కాస్త దగ్గరగా ఉంటుంది. జైలోఫోన్ అంటే చిన్న కర్రలతో పట్టీల మీద కొట్టి వాయించే వాద్యం. పిల్లలకు సంగీతం నేర్పడానికి జర్మనీకి చెందిన కార్ల్ ఆర్ఫ్, గునిల్డ్ కీట్మన్‌లు రూపొందించిన పద్ధతిలో వాడే జైలోఫోన్‌కు ఈ పట్టీలు ఊడదీయవచ్చు. మ, ని పట్టీలు తీసేస్తే స రి గ ప ద మిగులుతాయి, అంటే మన మోహన స్వరాలే. వాటిలో ఏది కొట్టినా చెవికి కటువుగా ఉండదు కాబట్టి భయపడే పిల్లలు కూడా చెయ్యి వేస్తారు. గూగుల్ వాళ్ల ఉచిత వెబ్‌సైట్ క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లో, గళ్లు నింపి పాట కట్టే సాంగ్ మేకర్ ఉంది. దాని సెట్టింగ్స్‌లో పెంటటోనిక్ (అయిదు స్వరాల వరస) ఎంచుకుంటే అక్కడా ఇదే పని జరుగుతుంది. అయినా నా ఓటు జైలోఫోన్‌కే. పొడుగు పట్టీ కింది స్వరం, పొట్టి పట్టీ పై స్వరం అన్న సంగతి అక్కడ చేతికే తెలిసిపోతుంది.

మరి ట్యాబ్ ఎందుకంటే, వరస కట్టడానికి. వాయించడం రాని పిల్లలు కూడా సాంగ్ మేకర్‌లో గళ్ల మీద వేలు పెట్టి పాట కడతారు. గడి ఎంత పైన ఉంటే స్వరం అంత పైన, ఎడమ నుంచి కుడికి కాలం. తను కట్టింది ఎన్నిసార్లయినా విని, నచ్చని చోట ఒక్క గడి మార్చి, మళ్లీ వినవచ్చు. జైలోఫోన్ మీద ఈ వీలు లేదు, ఎందుకంటే ఇందాక ఏం వాయించారో వాళ్లకే గుర్తుండదు. "నీ పాట ముగిసినట్టు ఎందుకు లేదు?" అని అడిగి, చివరి గడిని స దగ్గరికి జరిపించి వినిపించండి. అరగంట చెప్పినా అర్థం కానిది అక్కడ ఒక్క క్షణంలో వినబడుతుంది.

ఒక చిక్కు ఉంది. వదిలేస్తే పిల్లలు గళ్లలో హృదయం బొమ్మ, తమ పేరు గీస్తారు. మొదటిరోజు గీయనివ్వండి, ముచ్చట తీరుతుంది. తర్వాత హద్దు పెట్టాలి: రెండు బార్లు (తాళం రెండు చుట్లు), అయిదు స్వరాలు, ఒక నిలువు వరసకు ఒక్కటే గడి. సేవ్ చేస్తే లింక్ వస్తుంది, అకౌంట్ అక్కర్లేదు. మార్చి మళ్లీ సేవ్ చేస్తే ఇంకో లింక్ వస్తుంది కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వినిపించవచ్చు.

అదే సైటులో గీసిన గీత పాడే కాండిన్‌స్కీ, గొంతును రంగుల్లో చూపించే స్పెక్ట్రోగ్రామ్ కూడా ఉన్నాయి. బడిలో చేరిన కొత్తలో ఇవే చాలు.

ఆపిల్ వాళ్ల గ్యారేజ్‌బ్యాండ్ ఇంకా పెద్ద యాప్. ఐప్యాడ్‌కు 2011లో వచ్చింది. ధ్వనులు బాగుంటాయి, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌కు నెట్ కావాలి. కానీ గ్యారేజ్‌బ్యాండ్‌లో 2016లో చేర్చిన లైవ్ లూప్స్‌తో, అంటే తిరిగి తిరిగి మోగే రెడీమేడ్ సంగీతం ముక్కలతో, నాలుగు గళ్లు నొక్కగానే సినిమా పాటలాంటిది సిద్ధమవుతుంది. పిల్లలు మురిసిపోతారు, తల్లిదండ్రులు ఇంకా ఎక్కువ. అందులో పిల్లలు కట్టింది ఎంత అంటే చెప్పడం కష్టం. నాలుగు, అయిదు తరగతుల్లో లూప్స్ పక్కన పెట్టి, పిల్లల గొంతు రికార్డు చేసి వాళ్లకే వినిపించడానికి వాడితే దీనికి సాటి లేదు. శృతి ఎక్కడ జారిందో వాళ్లే పట్టుకుంటారు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లున్న బడికి మాత్రం ఇది అందదు.

అందుకే కొత్తగా డబ్బు పెట్టేటప్పుడు వాద్యాలు ముందు. ఉన్న ట్యాబ్‌లు ఏ కంపెనీవైనా సాంగ్ మేకర్‌కు సరిపోతాయి. గ్యారేజ్‌బ్యాండ్ కోసమని ఐప్యాడ్‌లు కొనొద్దు, ఉంటే వాడుకోండి.

తలా ఒక ట్యాబ్ కూడా అక్కర్లేదు. ఇద్దరికి ఒకటి ఇస్తే ఏ స్వరం ఉంచాలో వాదించుకుంటారు, ఆ వాదనే పాఠం. వైరున్న హెడ్‌ఫోన్లు రెండు తీసుకుని, ఒకే ట్యాబ్‌కు రెండింటినీ కలిపే స్ప్లిటర్‌కు తగిలించండి. ట్యాబ్ ఒక్క యాప్‌లోనే ఆగేలా ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ పెట్టకపోతే మాత్రం పీరియడ్ సగంలో ఎవరో ఒకరు గేమ్‌లో తేలతారు.