జాజు గోడను చూపించిన స్కానర్: ఐదేళ్ల వాడకం తర్వాత

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఈ ఏ4 ఫ్లాట్‌బెడ్ స్కానర్ హన్మకొండలో నా టేబుల్ మీదికి వచ్చి ఐదేళ్లు దాటింది. కాగితాల స్కానింగ్ సంగతి నేను చెప్పను, ఆ పనికి ఫోన్ చాలు. పుస్తకాల అట్టలకు, పెండ్లి పత్రికలకు, ఫ్లెక్సీలకు వెనుక పరిచే టెక్స్చర్లు, అంటే గోడ, బట్ట, ఆకు లాంటి వాటి ఉపరితలం బొమ్మలు, తయారు చేసుకోవడానికే దీన్ని వాడుతున్నాను. ఇందులో నాకు ప్రాణమైన గుణం ఒక్కటే. గాజుకు ఆనని భాగాన్ని కూడా ఇది స్పష్టంగా పట్టుకుంటుంది.

ఇది సీసీడీ రకం కావడమే కారణం. ఇప్పుడు దొరికే పల్చటి స్కానర్లలో ఎక్కువ భాగం సీఐఎస్ రకం. వాటిలో సెన్సర్ గాజుకు దాదాపు ఆనుకొనే ఉంటుంది, వస్తువు కాస్త పైకి లేస్తే మసకబారుతుంది. సీసీడీలో బొమ్మ లోపలి అద్దాలు, లెన్స్ గుండా సెన్సర్‌కు చేరుతుంది కాబట్టి కొన్ని మిల్లీమీటర్ల ఎత్తు దాకా ఫోకస్ నిలుస్తుంది.

దీని విలువ నాకు తెలిసింది పరకాల దగ్గర మా అమ్మమ్మ ఇల్లు కూలగొట్టిన రోజున. గోడ పెళ్లలు నాలుగైదు సంచిలో వేసుకొని వచ్చాను. పైన సున్నం, దాని కింద జాజు (ఎర్రమన్ను పూత), మళ్లీ సున్నం, మళ్లీ జాజు. పండుగ పండుగకు ఆమె పూసిన పొరలే అవన్నీ. గది చీకటి చేసి, మూత తెరిచే ఉంచి, 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేశాను. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే పొర పగిలిన అంచులు, మట్టిలో కలిపిన గడ్డిపోచ, గుడ్డతో పూసినప్పుడు పడ్డ చారలు కూడా కనిపించాయి. చాలాసేపు మౌస్ కదపలేదు. ఆ తర్వాత నేను చేసిన మూడు పుస్తకాల అట్టల్లో ఆ గోడ ఉంది.

ఇంకొకటి కొత్తవాడ షత్రంజీతో తెలిసింది. నా స్కానర్‌లో వెలుతురు ఒక పక్క నుంచే పడుతుంది. షత్రంజీ ముక్కను ఒకలా పెడితే నేత గాడులు లోతుగా, నీడలతో వస్తాయి. దాన్నే 90 డిగ్రీలు తిప్పి పెడితే చదునుగా, రంగే ప్రధానంగా వస్తుంది. ఇప్పుడు ఏ బట్టనైనా, గోనెసంచినైనా, మోదుగాకు విస్తరినైనా నాలుగు దిక్కులా తిప్పి స్కాన్ చేసి పెట్టుకుంటున్నాను. స్కాన్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో కలర్, షార్పెన్ రెండూ ఆపేస్తాను. రంగుల సన్నటి తేడాలు కూడా దాచే 48 బిట్‌లో, అదే 600 డీపీఐకి, నిండు ఏ4 టిఫ్ ఫైల్ 200 ఎంబీ దాటుతుంది, హార్డ్ డిస్క్ నిండే టెన్షన్ ఉంటుంది. అయినా తర్వాత రంగులు ఎంత మార్చినా చారలు పడవు.

రెండో ఏడాదిలో దెబ్బ తగిలింది. ఒక బట్టల షాపు ప్రారంభానికి ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ చేశాను. వెనుక తెల్లటి నూలు గుడ్డ టెక్స్చర్, అతుకు తెలియకుండా కలిపి పక్కపక్కన పరిచాను. ప్రింటై వచ్చాక చూస్తే సమాన దూరాల్లో సన్నటి నీలిపచ్చ గీతలు, దారం లాగినట్టు. యజమాని ఫ్లెక్సీ చినిగిందనుకున్నాడు. మళ్లీ ప్రింటు వేయించి ఇచ్చాను, ఖర్చు నాదే. ఇంటికొచ్చి పాత ఫైళ్లు తెరిస్తే రెండు నెలలుగా చేసిన ప్రతి స్కాన్‌లోనూ అదే చోట అదే గీత. గోనె మీద, ఆకుల మీద కలిసిపోయి నా కంట పడలేదు. రిపేర్ షాపులో సెన్సర్ పోయింది, పడేయమన్నారు.

మనసొప్పక నేనే విప్పాను. ప్రతి స్కాన్‌కు ముందు స్కానర్ గాజు కింద ఒక చివర ఉండే తెల్లటి పట్టీని చూసి తన వెలుతురును సరిచూసుకుంటుంది. ఆ పట్టీ మీద జాజు నలుసు ఒకటి అంటుకొని ఉంది. అక్కడ ఆకుపచ్చ, నీలం తక్కువగా కనిపించడంతో స్కానర్ ఆ గీత పొడవునా వాటినే పెంచుతూ వచ్చింది. ఎర్ర నలుసుకు నీలిపచ్చ గీత రావడానికి కారణం అదే. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాను, గీత పోయింది. అమ్మమ్మ గోడ నుంచే రాలిన నలుసు అది, గాజు అంచు సందులోంచి లోపలికి జారింది.

అప్పటి నుంచి మట్టి, పొడి రాలే వస్తువులకు గాజు మీద ఓహెచ్‌పీ షీట్ (పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్) పరుస్తున్నాను. దానివల్ల స్పష్టత కొద్దిగా తగ్గుతుందని ఒప్పుకోవాలి. మొదట్లో అందరికీ సీసీడీయే కొనమని చెప్పేవాణ్ని. ఇప్పుడు అలా చెప్పడం లేదు. చేతితో చేసిన కాగితం, ఇంకు మరకలు, బ్రష్ గీతలు, ఇవే మీ పనైతే సీఐఎస్ సరిపోతుంది, టేబుల్ మీద చోటూ మిగులుతుంది. ఖిలా వరంగల్ రాళ్లు, తాటి బెరడు ఎలాగూ గాజు మీదికి రావు, వాటికి మబ్బు పట్టిన పూట ఫోన్ కెమెరానే నాకు దిక్కు. పాత సీసీడీలకు కొత్త విండోస్‌లో డ్రైవర్లు దొరకక, నాలాగే వ్యూస్కాన్ అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టాల్సి రావచ్చు.

నాకు ఇంట్లో ఒక గది పూర్తిగా పనికే ఉంది, విప్పి బిగించే ఓపికా ఉంది కాబట్టి దీన్ని వదలను. మీరు పాతది కొనబోతే మాత్రం ఒక దువ్వెన, ఒక తెల్ల కాగితం వెంట తీసుకెళ్లండి. దువ్వెనను ఒక కొన పైకెత్తి గాజు మీద వాలుగా పెట్టి స్కాన్ చేస్తే ఎన్ని పళ్ల దాకా స్పష్టంగా వస్తుందో అక్కడే తెలుస్తుంది. కాగితం మీద గీత కనిపిస్తే వెంటనే వెనక్కి రాకండి, ధర తగ్గించమని అడిగి తెచ్చుకొని, ముందు ఆ తెల్ల పట్టీ చూడండి.